ఈ ముద్దలో ముప్పు ఎంత?

వంటశాలకు తాళం వేయడం తేలిక. ఏ క్రిమి, ఎంత మోతాదులో, ఎందరికి చేటు చేసిందో లెక్క కట్టడం కష్టం. ఆ లెక్క కుదరనంత కాలం ఆహార భద్రత ఊహాగానంగానే మిగిలిపోతుంది.

ఢిల్లీ మెట్రో రైలు నీలి మార్గపు శాఖ ఒకటి యమునానది దాటి, ఉత్తరప్రదేశ్ సరిహద్దులోనికి వచ్చి, వైశాలి వద్ద ఆగిపోతుంది. 2011 జూలైలో ఈ స్టేషను ప్రారంభమైంది. పొద్దు వాలగానే కార్యాలయాల నుండి తిరిగివచ్చే ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, చంటిపిల్లలతో తల్లులు తోపుడుబండ్ల చుట్టూ మూగుతారు. ఒకచోట గోల్‌గప్పాలు, మరొకచోట మోమోలు, ఇంకొకచోట ఛోలే కుల్చేలు. దేశంలోని ఏ నగరంలోనైనా కనిపించే దృశ్యమే ఇది. హైదరాబాదులో మిర్చిబజ్జీలు, విజయవాడలో పునుగులు, అంతే తేడా.

ఈ తిండి సురక్షితమేనా? అనుభవజ్ఞుడైన గృహస్థు బండి శుభ్రతను, అమ్మేవాని చేతులను, నీళ్ళ బిందెను పరికించి తన నిర్ణయానికి తాను వస్తాడు. శాస్త్రజ్ఞుడు అంత త్వరగా తేల్చలేడు. ఆ నీటిలో ఏ క్రిములు ఉన్నవి? ఎన్ని ఉన్నవి? ఒక్కొక్కరు ఎంత తింటారు? అంత తిన్నవారిలో ఎందరు జబ్బుపడతారు? ఈ నాలుగు ప్రశ్నలకు అంకెలతో సమాధానం దొరికితేనే అతడు నోరు విప్పగలడు. మన దేశంలో అరుదుగా దొరికేవి ఆ అంకెలే.

వైశాలి ఉన్న గాజియాబాదు జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. ఆహార పరిశోధన, ప్రమాణీకరణల కొరకు కేంద్రప్రభుత్వం నెలకొల్పిన ప్రయోగశాల చిరకాలంగా గాజియాబాదులోనే పనిచేస్తూ వచ్చింది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అజమాయిషీలో అది జాతీయ ఆహార ప్రయోగశాలగా రూపొందింది. 2019లో కొత్త భవనాన్ని సంతరించుకున్నప్పుడు, సూక్ష్మజీవ పరీక్షలలో శిక్షణ ఇచ్చే కేంద్రం కూడా అందులో వెలిసింది. పరికరాలు వచ్చాయి, నిపుణులు తయారవుతున్నారు. ఇక వారి చేతికి అందవలసినవి సరైన నమూనాలు, సరైన వివరాలు.

బావి ఒకటి, పడే అవకాశం ఒకటి

ఈ శాస్త్రంలో రెండు మాటలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. ఒకటి ప్రమాదకారకం, రెండవది ముప్పు. పిట్టగోడ లేని బావి ప్రమాదకారకం. పసివాడు అందులో పడే అవకాశం ఎంత, పడితే కలిగే హాని ఎంత అన్నది ముప్పు. ఊరికి మైలు దూరాన, ఎవరూ తిరగని చోట ఉన్న బావి వల్ల ముప్పు స్వల్పం. అదే బావి బడి ఆవరణలో ఉంటే ముప్పు అపారం. ఆహారంలోని క్రిముల సంగతీ అంతే. కోడిగ్రుడ్డులో సాల్మొనెల్లా ఉండటం ప్రమాదకారకం. ఆ గ్రుడ్డును బాగా ఉడికించి తింటే ముప్పు దాదాపు లేనట్లే. పచ్చిగా చిలికి, ఎండవేడిలో గంటల తరబడి నిలవచేసి తింటే ముప్పు పదింతలు, నూరింతలు కావచ్చును.

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ 1999లో ఈ ముప్పును అంచనా కట్టే పద్ధతిని నాలుగు మెట్లుగా విభజించింది. మొదటిది, హాని చేసే క్రిమిని గుర్తించడం. రెండవది, ఎంత మోతాదులో ఆ క్రిమి ఎటువంటి జబ్బు చేస్తుందో తెలుసుకోవడం. మూడవది, జనం నోటిలోకి వాస్తవంగా ఎన్ని క్రిములు పోతున్నవో లెక్కకట్టడం. నాలుగవది, పై మూడింటినీ కలిపి, ఇంత జనాభాలో ఇందరికి జబ్బు రావచ్చునని చెప్పడం. మొదటి మెట్టు వద్ద మన ప్రయోగశాలలకు లోటు లేదు. రెండవ, మూడవ మెట్లు ఎక్కేటప్పుడే కాలు తడబడుతున్నది.

క్రిముల విషయంలో ఈ లెక్క రసాయనాల లెక్క వంటిది కాదు. పొలంలో చల్లిన పురుగుమందు పళ్ళెంలోకి వచ్చేసరికి సాధారణంగా పెరగదు. క్రిమి పెరుగుతుంది. మధ్యాహ్నం వండిన అన్నాన్ని ఉదాహరణగా తీసుకొనండి. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజరూపంలో ఉడుకును సైతం తట్టుకుని అన్నంలో మిగిలిపోగలదు. అన్నం చల్లారి గోరువెచ్చగా ఉన్నప్పుడు తిరిగి మొలకెత్తి రెట్టింపవుతూ పోతుంది. గ్రాముకు 100 క్రిములతో మొదలై, అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతున్నవని అనుకుంటే, 4 గంటలలో అవి గ్రాముకు 4 లక్షలు దాటుతాయి. రెట్టింపు కావడానికి అరగంట పట్టే చోట అదే 4 గంటలలో 26 వేలకు కూడా చేరవు. గ్రాముకు లక్ష చేరితే ఈ క్రిమి అపాయకరమని సామాన్యంగా భావిస్తారు. అంటే గది ఉష్ణోగ్రతలో వచ్చే చిన్న తేడాయే ఒక ముద్దను నిరపాయకరంగానో, విషతుల్యంగానో మార్చివేస్తున్నది. ఆ క్రిమి విడిచే విషాలలో వాంతులు కలిగించేది మళ్ళీ వేడిచేసినా నశించదు.

ఈ కారణంగానే అన్నం పరీక్షించిన ఫలితం ఒక్కటే చాలదు. ఎప్పుడు వండారు, ఏ పాత్రలో ఉంచారు, గది వేడి ఎంత, ఎన్ని గంటలకు వడ్డించారు అన్న వివరాలు కూడా నమూనా వెంట రావాలి. ఆ వివరాలు లేని నమూనా చిరునామా లేని ఉత్తరం వంటిది.

కనబడని రోగులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తొలిసారిగా ఒక బృహత్తరమైన అంచనాను ప్రకటించింది. కలుషితాహారం మూలంగా ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారనీ, 4,20,000 మంది మరణిస్తున్నారనీ ఆ అంచనా తెలిపింది. మృతులలో 1,25,000 మంది 5 ఏళ్ళలోపు పసివారు. భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా మండలం ఒక్కదానిలోనే 15 కోట్ల మంది రోగులు, 1,75,000 మరణాలు.

ఇప్పుడు మన లెక్కలు చూడండి. అంటువ్యాధుల మీద నిఘా కొరకు 2004లో ఏర్పడిన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకానికి జిల్లాల నుండి నివేదికలు వస్తుంటాయి. 2009 నుండి 2018 దాకా పదేళ్ళ నివేదికలను పరిశోధకులు క్రోడీకరించగా, ఆహారం వల్ల సామూహికంగా జబ్బు ప్రబలిన సంఘటనలు 2,688 అని తేలింది. వాటిలో జబ్బుపడినవారు 1,53,745 మంది, మరణించినవారు 572 మంది. సగటున ఏటికి 15 వేల మంది రోగులు!

ఒక వైపు కోట్లు, మరొక వైపు వేలు. ఈ రెండు లెక్కలూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. సామూహిక సంఘటనలు ఒక భాగం మాత్రమే. ఇంటింటా విడివిడిగా వచ్చే విరేచనాలు, జ్వరాలు ఆ నివేదికలకు ఎక్కవు. అయినప్పటికీ ఈ అగాధం ఆలోచింపజేస్తుంది. మధ్యలో జారిపోయినవారు ఎవరు?

ఒక సామాన్య కుటుంబంలో జరిగేది ఊహించుకుంటే జవాబు దొరుకుతుంది. రాత్రి వాంతులు మొదలవుతాయి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగిస్తారు. తెల్లవారి మందుల దుకాణంలో రెండు మాత్రలు కొంటారు. తగ్గితే ఆ కథ అక్కడితో ముగిసింది. తగ్గకపోతే వైద్యుని వద్దకు వెడతారు; ఆయన రోగిని కాపాడే తొందరలో మందు ఇస్తాడు, మలపరీక్షకు పంపేది ఏ కొద్దిమందినో. పంపినా, అప్పటికే మింగిన మాత్రల ప్రభావం వల్ల ప్రయోగశాలలో క్రిమి మొలకెత్తదు. మిగిలిన కూర, అన్నం ఎప్పుడో పారబోసి గిన్నె తోమేసి ఉంటారు. సాక్ష్యం నీళ్ళపాలైంది.

ఈ లోపం పేద దేశాలకే పరిమితమైనది కాదు. బ్రిటన్‌లో జరిగిన ఒక విస్తృత అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. జాతీయ లెక్కలకు చేరిన ప్రతి ఒక్క ఉదరవ్యాధి కేసుకు, సమాజంలో వాస్తవంగా 147 కేసులు ఉన్నట్లు అందులో తేలింది. ఆ దేశానికి ఇప్పుడు తన లెక్కలలోని లోటు ఎంతో తెలుసు. కాబట్టి చేతికి వచ్చిన సంఖ్యను దానితో హెచ్చవేసి సత్యానికి చేరువ కాగలదు. తన లోటును కొలుచుకున్న దేశానికి చిన్న అంకె సైతం పనికివస్తుంది.

మన చట్టంలో ఇందుకు దారి లేకపోలేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 16వ సెక్షను, జనం ఏమి తింటున్నారు, ఆహారంలో జీవసంబంధమైన ముప్పు ఎంతమేరకు ఉన్నది అన్న సమాచారాన్ని సేకరించి విశ్లేషించే బాధ్యతను ఆహార భద్రతా సంస్థకు అప్పగించింది. 35వ సెక్షను ప్రకారం, నోటిఫై చేసిన ప్రాంతాలలోని వైద్యులు తమ దృష్టికి వచ్చిన ప్రతి విషాహార సంఘటననూ నియమిత అధికారికి తెలియజేయాలని ఆ సంస్థ ఆదేశించవచ్చును. చట్టం తలుపు తెరచి ఉంచింది. వైద్యుని చీటీకీ, ఆహార తనిఖీ అధికారి నివేదికకూ, ప్రయోగశాల పుస్తకానికీ మధ్య వంతెన కట్టడమే మిగిలిన పని. భారత వైద్య పరిశోధనా మండలి ఈశాన్య రాష్ట్రాలలో 2020లో ఆరంభించిన ఆహారజన్య వ్యాధుల పరిశోధనా యంత్రాంగం ఈ దిశలో వేసిన అడుగు. ఆసుపత్రికి వచ్చిన రోగులనూ, ఆ ప్రాంతపు ఆహార నమూనాలనూ అది కలిపి పరిశీలిస్తున్నది.

"లేదు" అంటే సున్నా కాదు

ప్రయోగశాల నివేదికలలో తరచుగా కనిపించే మాట "లేదు". సాల్మొనెల్లా విషయంలో 25 గ్రాముల నమూనా తీసుకుని, అందులో క్రిమి కనబడనిచో "25 గ్రాములలో లేదు" అని వ్రాస్తారు. ఆ సరుకును అమ్మవచ్చునా, కూడదా అని తేల్చడానికి ఆ మాట సరిపోతుంది. ముప్పును అంచనా వేసే శాస్త్రజ్ఞునికి మాత్రం అది సగం వాక్యమే.

గణితశాస్త్రం చెప్పే ఒక విషయం సామాన్యులకు విడ్డూరంగా తోచవచ్చును. 10 నమూనాలు పరీక్షించి ఒక్కదానిలోనూ క్రిమి కనిపించలేదనుకొనండి. ఆ సరుకులో నూటికి 25 దాకా కలుషితమై ఉండే అవకాశాన్ని అయినప్పటికీ కొట్టిపారవేయలేము. ఆ అనుమానాన్ని నూటికి ఒకటికి తగ్గించాలంటే దాదాపు 300 నమూనాలు పరీక్షించాలి, అన్నింటిలోనూ "లేదు" అని రావాలి. కనుక ఎన్ని పరీక్షించారో చెప్పని "లేదు"కు విలువ స్వల్పం. క్రిమి "ఉన్నది" అని తేలినప్పుడు కూడా గ్రాముకు 10 ఉన్నవా, పది లక్షలు ఉన్నవా అని లెక్కించనిచో, అల్పమైన ముప్పుకూ, ప్రాణాంతకమైన ముప్పుకూ తేడా తెలియదు.

నమూనాను ఎంచుకునే విధానంలోనూ ఒక చిక్కు ఉన్నది. తనిఖీ అధికారి సాధారణంగా అనుమానం కలిగిన దుకాణానికే వెడతాడు. అది ఆయన ధర్మం. అయితే అనుమానితుల నుండి మాత్రమే తీసుకున్న నమూనాలను బట్టి ఊరంతటి పరిస్థితిని చెప్పబోతే, ఆసుపత్రిలో పడుకున్నవారిని లెక్కించి దేశంలో ఆరోగ్యవంతులే లేరన్నట్లు అవుతుంది. దోషిని పట్టుకునే నమూనా వేరు, పరిస్థితిని తెలుసుకునే నమూనా వేరు. రెండవదానికి దుకాణాలను ముందుగా జాబితా వేసి, చీట్లు తీసినట్లు నిష్పక్షపాతంగా ఎంపిక చేయాలి.

ఈ తేడా ఎంతటిదో పాల చరిత్ర చెబుతుంది. దేశవ్యాప్తంగా 1,791 నమూనాలతో జరిపిన సర్వేలో 68 శాతం పైచిలుకు పాలు ప్రమాణాలకు తగినట్లు లేవని 2012లో తెలిసినప్పుడు గగ్గోలు పుట్టింది. ప్రమాణానికి తగకపోవడాన్ని జనం కల్తీగా, కల్తీని విషంగా అర్థం చేసుకున్నారు. ఆ తరువాత 2018లో 1,103 పట్టణాల నుండి 6,432 నమూనాలు సేకరించి పరీక్షించారు. కల్తీ అయినవి 12 మాత్రమే. అంతవరకు ఎవరూ అంతగా పట్టించుకోని అఫ్లటాక్సిన్ ఎం1 అనే బూజు విషం మాత్రం 368 నమూనాలలో పరిమితిని మించి కనిపించింది. అది పశువులు తినే దాణాకు పట్టిన బూజు నుండి పాలలోకి దిగుతుంది. పాలవాని బిందె మీద నిలిచిన చూపు దాణా గిడ్డంగి వైపు మళ్ళింది. పెద్ద ఎత్తున, పద్ధతిగా చేసిన లెక్క ఒక జాతి భయాన్ని సరైన దిక్కుకు తిప్పగలదు.

ఇటువంటి సర్వేలు సూక్ష్మజీవుల విషయంలో జరపడం మరింత శ్రమతో కూడిన పని. నమూనాను మంచుపెట్టెలో తేవాలి. దారిలో అది వేడెక్కితే క్రిములు పెరిగి అంకె అబద్ధమవుతుంది. ప్రయోగశాల నమ్మదగినదై ఉండాలి. 2017లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సమర్పించిన నివేదిక ప్రకారం 72 రాష్ట్ర ఆహార ప్రయోగశాలలలో 65కు జాతీయ గుర్తింపు లేదు. ఆ తరువాత రాష్ట్ర ప్రయోగశాలలలో సూక్ష్మజీవ పరీక్షా విభాగాలను నెలకొల్పే పని చేపట్టారు. గాజియాబాదులో శిక్షణ పొందినవారు ఆ విభాగాలలో పనికి కుదిరినప్పుడే ఆ పెట్టుబడి ఫలిస్తుంది.

యాభై గ్రాముల సాక్ష్యం

ఎన్ని క్రిములు మింగితే జబ్బు వస్తుంది? ఒకనాడు ఈ ప్రశ్నకు సమాధానం కొరకు మనుషులకే క్రిములను తాగించారు. అమెరికాలోని మేరీలాండ్‌లో జరిగిన టైఫాయిడ్ ప్రయోగాలలో జైలు ఖైదీలు స్వచ్ఛందంగా పాల్గొన్నారు. వెయ్యి క్రిములు తాగినవారిలో ఎవరికీ జబ్బు రాలేదు. లక్ష తాగినవారిలో నాలుగోవంతుకు పైగా, కోటి తాగినవారిలో సగం మంది జ్వరపడ్డారు. 1970లో ప్రకటితమైన ఆ ఫలితాలను శాస్త్రజ్ఞులు ఈనాటికీ ఉదహరిస్తుంటారు. ఆ ప్రయోగాలకు లోనైనవారు ఆరోగ్యవంతులైన వయోజన పురుషులు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఎన్ని క్రిములకు లొంగిపోతారో అవి చెప్పలేవు. వారిపై అటువంటి ప్రయోగం చేయడం ఊహకందని అమానుషం.

ఈ చిక్కుముడిని విప్పే దారి జపాను దేశంలో ఒక విషాదం నుండి పుట్టింది. 1996 జూలైలో సకాయ్ నగరంలోని పాఠశాలలలో ఇ. కోలై ఓ157 అనే క్రిమి వల్ల 9 వేలకు పైగా జబ్బుపడ్డారు. వారిలో అత్యధికులు బడిపిల్లలు. ఆ క్రిమి కడుపులో చేరిన కొన్ని రోజులకు గాని లక్షణాలు బయటపడవు. అప్పటికి భోజనం ఆనవాలు కూడా మిగలదు. ఆ అనుభవం దరిమిలా జపాను ప్రభుత్వం పెద్ద వంటశాలలకు ఒక నియమం సూచించింది. రోజుకు 750 భోజనాలు, లేదా ఒకే వంటకాన్ని ఒకేసారి 300 మందికి వండే ప్రతి చోటా, పచ్చి సరుకుల నుండీ వండిన ప్రతి వంటకం నుండీ 50 గ్రాముల చొప్పున తీసి, సున్నకు దిగువన 20 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో రెండు వారాలకు పైగా దాచి ఉంచాలి.

ఆ నియమం వల్ల కలిగిన మేలు జపాను ఎల్లలు దాటింది. ఎక్కడ జబ్బు ప్రబలినా దాచిన ముద్దలో క్రిములు ఎన్ని ఉన్నవో లెక్కించే వీలు కలిగింది. ఎందరు తిన్నారు, ఎందరు పడిపోయారు అన్నది హాజరు పట్టిక చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2002లో కోడిగ్రుడ్లు, కోడిమాంసంలో సాల్మొనెల్లా ముప్పును అంచనా కట్టినప్పుడు, మోతాదుకూ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 20 వాస్తవ సంఘటనల నుండి రాబట్టారు. జపాను వంటశాలలలో భద్రపరచిన నమూనాలు ఆ పనికి ఎంతగానో తోడ్పడ్డాయి. ఆ లెక్కలో పిల్లలూ ఉన్నారు, పెద్దలూ ఉన్నారు. ఏ ఒక్కరికీ కావాలని క్రిములు తాగించలేదు.

మన వసతిగృహాలకు, మధ్యాహ్న భోజన వంటశాలలకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. 2022 జూలైలో బాసర ట్రిపుల్ ఐటీలోను, 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలోను భోజనం తిన్న విద్యార్థులు పదుల సంఖ్యలో అస్వస్థులై ఆసుపత్రుల పాలయ్యారు. ఇటువంటి సంఘటన జరిగినప్పుడల్లా విచారణలు జరుగుతాయి, కొందరిపై చర్యలు తీసుకుంటారు. వడ్డనకు ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన మంచిదే. అయితే సాల్మొనెల్లా రంగు, రుచి, వాసన మార్చదు. 6 నుండి 72 గంటల తరువాత గాని తన ఉనికిని చాటదు. నాలుక పట్టలేని దానిని చలిపెట్టెలో దాచిన ముద్ద పట్టిస్తుంది.

అరువు తెచ్చుకున్న అంకెలు

సొంత లెక్కలు లేని దేశం పొరుగువారి లెక్కలను అరువు తెచ్చుకుంటుంది. ఐరోపా, అమెరికాలలో తయారైన గణిత నమూనాలు వారి అలవాట్ల మీద ఆధారపడినవి. వండిన పదార్థం అక్కడ గంటలోపు రిఫ్రిజిరేటరుకు చేరుతుంది. కరెంటు పోవడం అరుదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఢిల్లీ శివార్లలో, రామగుండంలో, రెంటచింతలలో వంటగది పరిస్థితి అది కాదు. 5 నుండి 60 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత క్రిములు వృద్ధిపొందే మేర అని నిపుణులు చెబుతారు. మన వేసవిలో గది గాలియే ఆ మేర నడిమధ్యన ఉంటుంది.

మరొక వైపు, మన వంటకాలలో మనకే ప్రత్యేకమైన రక్షణలు కూడా ఉన్నాయి. ప్రయాణానికి పులిహోర కట్టుకువెళ్ళే ఆచారంలో చింతపండు పులుపు క్రిముల వేగాన్ని తగ్గిస్తుంది. రాత్రంతా పులిసిన చద్దన్నంలో మేలుచేసే క్రిములు ఆమ్లాన్ని పుట్టించి, చెడ్డ క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. పళ్ళెంలో పక్కపక్కన ఉన్నా చద్దన్నం, మిగిలిపోయిన ఫ్రైడ్ రైస్ శాస్త్రదృష్టిలో ఒకటి కావు. ఎంత పులుపుకు ఎన్ని గంటల రక్షణ అన్నది కొలిచి చెప్పవలసిన సంగతి. ఆ కొలత విదేశీ గ్రంథాలలో వెదికితే దొరకదు. మన వంటిళ్ళలోనే పుట్టాలి.

ఎంత తింటున్నారన్న లెక్కలో మాత్రం తెలుగునేలకు గర్వించదగిన వారసత్వం ఉన్నది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనా విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడింది. దాని సిబ్బంది పల్లెపల్లెకూ వెళ్ళి, ఇళ్ళలో వండే బియ్యం, పప్పు, కూరగాయలను తూచి వ్రాసుకున్నారు. ఆకలిని కొలవడానికి పుట్టిన ఆ పద్ధతే నేడు ముప్పును కొలవడానికీ పునాది కాగలదు.

పునాది మీద కట్టవలసిన గోడలు వేరు. జనం ఇంటి వెలుపల తినడం హెచ్చింది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, పానీయాలు, ఫలహారాలు, తయారైన ఆహారపదార్థాల వాటా మొత్తం ఖర్చులో గ్రామాలలో 9.62 శాతం, పట్టణాలలో 10.64 శాతం. ఆ సర్వే రూపాయలను లెక్కించింది. క్రిములు రూపాయలలో రావు, ముద్దలలో వస్తాయి. వారానికి ఎన్నిసార్లు తింటారు, ఒకసారికి ఎన్ని గ్రాములు, వేడిగానా, చల్లారినదా, తినేది ఏ వయసువారు అన్న ప్రశ్నలు చేర్చినప్పుడే ఆ సర్వే సూక్ష్మజీవ శాస్త్రానికి ఉపయోగపడుతుంది.

నిషేధం తరువాత ఏమిటి?

2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్న పలువురు అస్వస్థులయ్యారు. ఒక మహిళ మరణించింది. వాటితో పాటు వడ్డించే పచ్చి గ్రుడ్ల మయొనైజుపై అంతకు ముందు నుండే ఫిర్యాదులు ఉన్నాయి. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గ్రుడ్లతో చేసిన మయొనైజు తయారీని, నిలవను, అమ్మకాన్ని ఒక సంవత్సరం పాటు నిషేధించింది. కేరళ 2023 జనవరిలో ఇటువంటి నిర్ణయమే తీసుకున్నది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు అదే దారి పట్టింది.

ప్రాణం పోయినచోట ప్రభుత్వం లెక్కలు తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోజాలదు. చట్టం 18వ సెక్షను కూడా ఇదే చెబుతున్నది: హాని సంభవమని తోచి, శాస్త్రీయమైన నిశ్చయం ఇంకా కలగనప్పుడు, పూర్తి సమాచారం వచ్చేలోపు తాత్కాలిక చర్యలు తీసుకోవచ్చును. "తాత్కాలిక" అన్న మాటలోనే ఒక బాధ్యత ఇమిడి ఉన్నది. నిషేధం ప్రభుత్వానికి గడువును సంపాదించి పెడుతుంది. ఆ గడువులో తెలుసుకోవలసినవి స్పష్టమే. ఎన్ని గ్రుడ్లలో ఒకటి కలుషితమై వస్తున్నది? కోళ్ళఫారం నుండి బండి దాకా గ్రుడ్డు ఎన్ని రోజులు, ఎంత వేడిలో ప్రయాణిస్తున్నది? మయొనైజులో నిమ్మరసం, వెనిగర్ ఎంత పడుతున్నది? చిలికిన తరువాత ఎన్ని గంటలు బయట ఉంటున్నది? ఈ వివరాలు చేతిలో ఉన్న అధికారి, గ్రుడ్డును సరఫరాలోనే శుద్ధి చేయించాలా, చలిపెట్టెను తప్పనిసరి చేయాలా, నిషేధాన్ని కొనసాగించాలా అన్నది ధైర్యంగా నిర్ణయించగలడు. చిన్న వ్యాపారి జీవనోపాధి కూడా ఆ నిర్ణయం మీదనే ఆధారపడి ఉన్నది.

లెక్క కుదిరితే ఫలితం ఎలా ఉంటుందో న్యూజిలాండ్ చూపింది. కాంపిలోబాక్టర్ అనే క్రిమి వల్ల ఆ చిన్న దేశంలో 2006లో 15 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. పరిశోధకులు రోగుల నుండి, కోళ్ళు, పశువులు, గొర్రెల నుండి, నదీజలాల నుండి క్రిములను సేకరించి, వాటి జన్యు లక్షణాలను సరిపోల్చారు. అధికభాగం కోడిమాంసం నుండే వస్తున్నదని రుజువైంది. కోడిమాంసం శుద్ధిచేసే కర్మాగారాలలో క్రిముల సంఖ్యకు పరిమితులు విధించారు. 2008 నాటికి కేసులు సగానికి పైగా తగ్గిపోయాయి. పశువులను, నదులను, ఇళ్ళను ఒకేసారి అనుమానించి డబ్బు వెదజల్లే అవసరం లేకపోయింది.

మనకు ఆ స్థాయికి చేరడానికి కాలం పట్టవచ్చును. అయితే మొదటి మెట్టుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. వసతిగృహాలు, పెళ్ళి వంటల గుత్తేదారులు, దేవాలయ అన్నదాన సత్రాలు ప్రతి వంటకం నుండి కొద్దిగా తీసి, శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి, తేదీ, వేళ వ్రాసి చలిపెట్టెలో ఉంచవచ్చును. వైద్యులు వీలున్నచోట మందు ఇవ్వడానికి ముందే మల నమూనా తీయించవచ్చును. ప్రయోగశాలలు "ఉన్నది", "లేదు" అన్న మాటల పక్కన ఎంత, ఎన్ని, ఏ పద్ధతి అన్న వివరాలు చేర్చవచ్చును. కుటుంబాలు చేయగలిగినదీ ఉన్నది. ఒకే భోజనం తిన్న ఇద్దరు ముగ్గురు జబ్బుపడితే, రోగులకు ఓఆర్ఎస్ ద్రావణం తాగిస్తూ ఆసుపత్రికి చేర్చాలి. మిగిలిన పదార్థాన్ని పారవేయకుండా, ఎవరూ తినకుండా జాగ్రత్తపడి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎవరు ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, ఎప్పుడు లక్షణాలు మొదలయ్యాయి అన్నది కాగితం మీద వ్రాసి, దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి.

తిన్నవారి జాబితా, తిన్న వేళ, మిగిలిన ముద్ద: ఈ మూడూ దొరికిన చోట ప్రయోగశాల తన వంతు పని చేయగలదు. అవి దొరకనిచోట మరుసటి సంఘటన దాకా ఎదురుచూడటం తప్ప దానికి మరో దారి లేదు.